గోదావరి లంకలో అత్తారిల్లు: ప్రతి వేసవికీ వెళ్ళాలా, వెళితే ఎలా ఉండాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు, నాలుగేళ్ళ పాప ఉంది, మీ వారిది కోనసీమలో గోదారి గౌతమి పాయ మీద ఓ లంక గ్రామం, అంటే ఏటి మధ్య దిబ్బ మీద ఊరు. ఇక నుంచి ప్రతి వేసవికీ నెల రోజులు అక్కడే ఉందామని ఆయన అంటున్నారు. నిరుడు పది రోజులుంటే, ఊరంతా మిమ్మల్నే చూస్తున్నట్టు, అడిగిందే అడుగుతున్నట్టు అనిపించి టెన్షన్‌గా గడిచింది. పాపకి నీళ్ళ భయం లేకుండా ఎలా, వాళ్ళతో ఎలా కలవాలి, అసలు ఎప్పటికైనా అది మన ఊరు అనిపిస్తుందా అని అడిగారు.

నాది నల్గొండ. మాకు నీళ్ళంటే బావి, కాకపోతే ట్యాంకరు. 1996లో ఆఫీసులో పరిచయమైన మనిషిని పెళ్ళి చేసుకుని, ఆచంట వైపు గోదారి వశిష్ఠ పాయ మధ్యలో ఉన్న ఒక లంకకి కోడలిగా వెళ్ళాను. అప్పట్నుంచి నిరుటి దాకా లెక్కేస్తే 27 వేసవులు. మా అబ్బాయి పుట్టిన 1998, కరోనా పుణ్యాన 2020, 2021 తప్పాయి. కాబట్టి పుస్తకం చూసి చెప్పడం లేదు. తప్పులు చేసి నేర్చుకున్నదే చెబుతున్నాను.

ముందు రేవు సంగతి. మొదటిసారి మేం వెళ్ళిన రోజు నాటు పడవలో పదిహేను మంది, రెండు పాల క్యాన్లు, ఒక మేకపోతు. గెడ వేసే ఆయన మా వారిని గుర్తుపట్టి, నా వైపు గడ్డంతో చూపించి "ఎవరి తాలూకండీ అమ్మాయిగారు?" అన్నాడు. మా వారు చెప్పారు. పాల క్యాన్ల పక్కన కూర్చున్న పెద్దావిడ ఏ ఊరు, ఎంతమంది అక్కచెల్లెళ్ళు, నాన్నగారేం చేస్తారు, వంటొచ్చా అని వరసగా అడిగింది. నేను సగం వాటికి తల ఊపాను, సగం వాటికి నీళ్ళు చూసి భయపడి కళ్ళు మూసుకున్నాను. పడవ ఒడ్డుకి తగలకముందే ఒక కుర్రాడు దూకి పరిగెత్తాడు. మేం ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి మా అత్తగారికి అన్నీ తెలిసిపోయాయి. కోడలు నల్గొండ పిల్లట, చుడీదార్‌లో వచ్చిందట, పడవలో కళ్ళు మూసుకుందట, వంట అడిగితే పలకలేదట. నేను గడపలో అడుగు పెట్టకముందే ఊళ్ళో నా జాతకం పూర్తయింది.

ఆ రాత్రి ఏడ్చాను, దాచడమెందుకు. కానీ "ఎవరి తాలూకు" అనే ప్రశ్న నిఘా కాదని అర్థం కావడానికి నాకు మూడు నాలుగేళ్ళు పట్టింది. లంకలో ఇంటి నంబర్లు ఎవరికీ గుర్తుండవు. ఒకే ఇంటిపేరుతో పది ఇళ్ళుంటాయి. అందుకే రేగిచెట్టు వాళ్ళు, మేడ వాళ్ళు, మూల దిబ్బ వాళ్ళు అని పిలుస్తారు. రేవులో ఎవరైనా దిగారంటే వాళ్ళని ఏదో ఒక ఇంటికి కట్టాలి, లేకపోతే పిల్లాడు తప్పిపోయినా, రాత్రి జ్వరం వచ్చినా ఎవరిని పిలవాలో తెలియదు. మీ పాపకి ముందు నేర్పాల్సింది ఈత కాదు, "మేం ఫలానా వాళ్ళ తాలూకు" అని చెప్పడం. తాతగారి పేరు చాలదు, ఊళ్ళో మీ ఇంటిని ఏమని పిలుస్తారో అది చెప్పాలి. అడిగినవాళ్ళకి మీరూ సూటిగా, నవ్వుతూ, రెండు ముక్కల్లో జవాబు చెప్పేయండి. దాచినకొద్దీ వాళ్ళే కథ అల్లుకుంటారు. అల్లిన కథ ఎప్పుడూ అసలుకంటే ఘోరంగానే ఉంటుంది.

ఇంకో సంగతి. పడవాయనతో మర్యాదగా ఉండండి, దాటాక కూడా. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అన్న సామెత ఊరికే పుట్టలేదు. అర్ధరాత్రి ఎవరికైనా బాగాలేకపోతే మీకూ ఆసుపత్రికీ మధ్య ఉండేది ఆ ఒక్క మనిషే. వెళ్ళిన రోజే ఆయన ఫోన్ నంబరు తీసుకోండి. మా రేవులో అప్పట్లో ఊరివాళ్ళు ఏడాదికోసారి ధాన్యమో కొబ్బరికాయలో ఇచ్చేవారు, మనిషికింత అని చిల్లర బయటివాళ్ళ దగ్గరే తీసుకునేవారు. నా దగ్గర ఇప్పటికీ చిల్లరే తీసుకుంటారు. నేను నొచ్చుకోవడం మానేసి చాలా కాలమైంది.

ఇప్పుడు పాప భద్రత. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే పట్నం నుంచి వచ్చేవాళ్ళు భయపడాల్సిన చోట భయపడరు.

మీరు పడవని చూసి భయపడుతున్నారు. భయపడండి, తప్పులేదు. 2018 జులైలో మీ గౌతమి పాయలోనే పశువుల్లంక దగ్గర ఒక పడవ కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది, బడిపిల్లలు కొట్టుకుపోయారు. లైఫ్ జాకెట్ పాప సైజుది బెంగళూరులోనే కొని తీసుకెళ్ళండి, రేవులో ఉన్నవి పెద్దవాళ్ళవి, పాప భుజాల్లోంచి జారిపోతాయి. ఊళ్ళో పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. పడవలో నించోవద్దు, ఒడ్డు దగ్గరపడగానే అందరూ ఒకేసారి ఒక పక్కకి లేవడమే పడవకి ప్రమాదం. ఈదురుగాలి పట్టినప్పుడు, ముఖ్యంగా మే నెల సాయంత్రాలు, దాటకండి. పడవాయన రానంటే బతిమాలకండి. ఎక్కువ డబ్బులిస్తానని అసలే అనకండి.

కానీ వేసవిలో పిల్లల్ని పొట్టన పెట్టుకునేది పడవ కంటే ఎక్కువగా స్నానం. ఎండల్లో గోదారి చాలా అమాయకంగా కనిపిస్తుంది. తెల్లటి ఇసుక, మోకాలి లోతు నీళ్ళు, అడుగున గులకలు లెక్కపెట్టొచ్చు. ఇసుక కోసం యంత్రాలతో తవ్విన గుంతలు మాత్రం పైకి కనిపించవు. మోకాలి లోతులో నడిచే పిల్లవాడు ఇంకో అడుగు వేస్తే నిలువు లోతు. మా అబ్బాయికి అలాగే జరిగింది, 2009లో, వాడికి పదకొండేళ్ళు. మేం నలుగురు పెద్దవాళ్ళం గట్టున కూర్చుని ముంజలు తింటున్నాం. వాడు అరవలేదు. మునిగే పిల్లలు సినిమాల్లోలాగా చేతులు కొట్టుకుంటూ అరవరని నాకు ఆ రోజే తెలిసింది. ఉన్నట్టుండి వాడి తల కనిపించలేదు, అంతే. గేదెల్ని కడుగుతున్న ఒకాయన చూసి, గేదె తోక వదిలేసి దూకి జుట్టు పట్టుకుని లాగాడు. ఆ తరవాత మా వాడు రెండేళ్ళు నీళ్ళలో దిగలేదు. నేనైతే ఇప్పటికీ ముంజ చేతిలో పట్టుకుంటే ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది.

అందుకని మా ఇంట్లో ఒకటే నియమం. ఊళ్ళో ఆడవాళ్ళు రోజూ బట్టలుతికే చోటే దిగాలి. పిల్లలకి చేయి అందేంత దూరంలో పెద్దవాళ్ళొకరు నీళ్ళలోనే ఉండాలి, గట్టున కాదు. "నిరుడు ఇక్కడే ఆడుకున్నాంగా" అనే మాట చెల్లదు. వరదొచ్చి వెళ్ళిన ప్రతిసారీ గోదారి అడుగు మారిపోతుంది. నిరుడు చదునుగా ఉన్న చోట ఈ ఏడు మడుగు ఉండొచ్చు. వెళ్ళిన మర్నాడు ఉదయమే ఊళ్ళో చేపలు పట్టే ఎవరినైనా వెంటబెట్టుకుని రేవు చుట్టూ తిరగండి, ఎక్కడ లోతో గెడతో పొడిచి చూపిస్తారు. మీ లంక సముద్రానికి దగ్గర కాబట్టి పోటు, పాటు వేళలు కూడా కనుక్కోండి, మాకు ఆ బాధ తక్కువ. పోటుకి నీళ్ళెక్కే వేళ పిల్లలు ఇసుక మేటల మీద ఆడుకోకూడదు. వేసవిలో మీ దిక్కు నీళ్ళు ఉప్పగా కూడా మారతాయి, తాగే నీళ్ళు ఏ బోరువో మీ అత్తగారిని అడగండి.

పాముల విషయం ఒక్క ముక్కలో చెప్పేస్తాను: రాత్రి టార్చి లేకుండా అడుగు బయట పెట్టొద్దు. కొబ్బరి మట్టల కుప్పలో, కట్టెల కింద చేయి పెట్టొద్దు. కరిస్తే మంత్రం వేసేవాళ్ళ దగ్గరికి కాదు, పడవ దగ్గరికి.

ఇక మనుషులు. మీ ప్రశ్నలో మీ తోటికోడలి ప్రస్తావన ఒక్కసారే వచ్చింది, "అక్క సరిగ్గా మాట్లాడలేదు" అని. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే అనిపించింది. మీరు నెల రోజుల సెలవుకి వెళ్తున్నారు. ఆవిడకి అది నెల రోజుల అదనపు పని. ఏప్రిల్ ఆఖరుకి బళ్ళు మూసేస్తే హైదరాబాదు, బెంగళూరు, విశాఖల నుంచి అందరూ దిగుతారు. ఇంట్లో నలుగురికి వండే మనిషి పద్నాలుగు మందికి వండాలి. మనం పొద్దున ఎనిమిదింటికి లేచి కాఫీ ఎక్కడ అంటాం. ఆవిడ అప్పటికి పాలు పితికి, రేవుకి పంపి, పొయ్యి మీద రెండో గిన్నె పెట్టి ఉంటుంది. మా తోటికోడలు నాతో మొదటి ఆరేళ్ళు ముక్తసరిగానే మాట్లాడింది. నల్గొండ యాసని వెక్కిరిస్తుందనుకున్నాను. నేను "గట్లనే" అంటే అందరూ నవ్వేవారు కూడా. అసలు కారణం యాస కాదు, అంట్లు.

ఏడో ఏడు నేను వెళ్ళీ వెళ్ళగానే పొద్దున టిఫిను నాది అన్నాను. నాకు ఇడ్లీ, ఉప్మా తప్ప రాదు, వాటినే మార్చి మార్చి వండాను. నాలుగో రోజు ఆవిడే వచ్చి పనసాకులు బుట్టల్లా కుట్టి పొట్టిక్కలు ఎలా వేయాలో నేర్పింది. నా బుట్టలు ఊడిపోయి పిండి కారిపోతే కడుపుబ్బ నవ్వింది. అప్పట్నుంచి మేమిద్దరం బాగానే ఉన్నాం. పని పంచుకోండి, అడిగి కాదు, ఒక పూట మొత్తం మీదని చెప్పేసి. "ఏమైనా సాయం చేయనా అక్కా" అంటే ఎవరైనా "వద్దులే" అనే అంటారు.

డబ్బు కూడా అంతే. చేతికి ఇస్తే తీసుకోరు, మనసు కష్టపెట్టుకుంటారు. మేం వెళ్ళిన రోజే నెలకి సరిపడా బియ్యం బస్తా, పప్పులు, నూనె డబ్బా, ఒక గ్యాస్ సిలిండరు అవతలి గట్టున కొనేసి అదే పడవలో వేసుకుని వెళ్తాం. రేవులో పదిమంది చూస్తారు కాబట్టి అందులో కొంచెం ప్రదర్శన కూడా ఉందనుకోండి. అది కూడా అవసరమే. మిఠాయిలు మోసుకెళ్ళకండి. తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు కూతవేటు దూరంలో ఉన్నవాళ్ళకి బెంగళూరు మైసూర్‌పాకు ఎవరికి కావాలి? బయల్దేరే వారం ముందు ఫోన్ చేసి ఏం తేవాలో అడగండి. మొహమాటపడతారు, రెండోసారి అడగండి. నన్ను ఇప్పటిదాకా అడిగినవి: మోకాళ్ళ నొప్పుల పట్టీ, ఛార్జింగ్ టార్చి, మందపాటి టార్పాలిన్, పాత కళ్ళజోడుకి కొత్త అద్దాలు, ఒకసారి కుట్టుమిషను బెల్టు.

వెళ్ళడానికి మంచి రోజులు ఏవంటారా, ఆవకాయ పెట్టే వారం. మే మొదట్లో కాయ ముదిరాక, వానజల్లు పడకముందు. ఆ వారం ఊళ్ళో ఎవరూ మిమ్మల్ని ప్రశ్నలడగరు, తీరికుండదు. మా ఇంట్లో ముక్కలు కొట్టేది మగవాళ్ళు. పెద్ద కత్తిపీటతో అరుగు మీద కూర్చుని టెంకతో సహా ఒక్క వేటుకి రెండు చెక్కలు చేస్తారు. జీడి తీసి, లోపలి పొర ఒలిచి, ఒక్కో ముక్కనీ పొడిగుడ్డతో తుడిచే పని పిల్లలది, కొత్త కోడళ్ళది. చెమట చుక్క పడితే జాడీ మొత్తం బూజు పడుతుందని మా అత్తగారు మా మొహాలకి తువ్వాళ్ళు కట్టించేవారు. ఆవ పిండి గాల్లో లేస్తే అందరూ తుమ్ములు, ఏడుపులు. కలపడం మాత్రం ఆవిడే. జాడీలోకి ఎత్తాక పళ్ళెంలో మిగిలిన కారంలో వేడి అన్నం కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ళందరికీ తలో ముద్ద చేతిలో పెట్టేవారు. ఆ ముద్ద కోసం పక్కింటి పిల్లలు కూడా సరిగ్గా ఆ వేళకి ఏదో పని ఉన్నట్టు వచ్చేవారు. తిరుగు ప్రయాణంలో జాడీకి గుడ్డ కట్టి ఒళ్ళో పెట్టుకుని పాలకొల్లులో రైలెక్కేదాన్ని. మీ పాప ముక్కలు తుడిచే వయసుకి వచ్చేసింది, కూర్చోబెట్టండి.

కలిసిమెలిసి ఉండే ఊరు అంటారు కదా, అందులో రెండో వైపు కూడా చూడండి. లంకలో పేటలుంటాయి. ఏ పేట పిల్లలు ఎవరి అరుగు దాకా వస్తారు, ఎవరికి ఏ గ్లాసులో మజ్జిగ ఇస్తారు, ఇవి పట్నంలో పుట్టిన పిల్లలు మొదటి రోజే పట్టేస్తారు. మా అమ్మాయి ఎనిమిదేళ్ళప్పుడు అందరి ముందూ గట్టిగా అడిగేసింది, ఆ గ్లాసు వేరే ఎందుకుందని. ఇల్లంతా నిశ్శబ్దం. మా మావగారు జవాబు చెప్పలేదు, లేచి పొలం వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి ఆ గ్లాసు కనిపించలేదు. అంతమాత్రాన ఊరు మారిపోయిందని నేను చెప్పను. పడవలో మాత్రం అందరూ మోకాలికి మోకాలు తగిలించుకుని కూర్చుంటారు, ఒడ్డెక్కాక ఎవరి దారి వాళ్ళది. మీ పాప అలాంటిదేదైనా అడిగితే నోరు మూయించకండి.

భూమి గురించి కూడా చెప్పాలి, మీరు అడగకపోయినా. ఏటా వచ్చే కొడుకు, కోడలు అంటే ఊళ్ళో కొందరికి అనిపించే మొదటి అనుమానం వాటా. మా వారి చిన్నాన్న కొడుకు ఒక ఏడాది మాతో సరిగా మాట్లాడలేదు, మేం కొబ్బరితోట అమ్మకానికి పెట్టామని ఎవరో చెప్పారట. నిజానికి లంకలో పొలం అంటే కాగితం మీద ఒకటి, నేల మీద ఒకటి. మా మావగారి రెండెకరాలు కోతకి పోయాయి. ఏటా వరదకి గట్టు విరిగి, కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా నీళ్ళలోకి ఒరిగి, చివరికి అక్కడ పొలం ఉండేదని చెప్పడానికి ఒక బోరు గొట్టం మిగిలింది. మరుసటేడు అదీ లేదు. ఆయన రోజూ సాయంత్రం అక్కడికి వెళ్ళి నిలబడేవారు. అదే గోదారి లంకకి రెండో కొసన కొత్తగా మేట వేస్తుంది, ఆ మేట ఎవరిదన్న తగువు తరాలు నడుస్తుంది. జిరాయితీ (సొంత పట్టా భూమి) ఏది, ప్రభుత్వ లంక భూమి ఏది, ఎవరి సాగులో ఏముంది అన్నది మీ వారు అన్నదమ్ములతో కూర్చుని ఒక్కసారి స్పష్టంగా మాట్లాడుకుంటే మంచిది. వేసవిలో కాదు. అందరూ ఉన్నారు కదా అని పిల్లల సెలవుల్లో పంపకాల మాటెత్తితే ఆ ఏడు సెలవులు పోయినట్టే, తరవాతి అయిదేళ్ళవి కూడా.

ఇప్పుడు మీ ఆఖరి ప్రశ్న, అది మన ఊరు అనిపిస్తుందా అని.

మొదటి పదేళ్ళూ నేను హైదరాబాదులో అందరికీ లంక కబుర్లు తెగ చెప్పేదాన్ని. మా లంక ఇలా, మా గోదారి అలా అని. ఒకసారి మా ఆడపడుచు విని, "వదినా, నువ్వు చూసింది లంకే కాదు" అంది. నాకు కోపమొచ్చింది, కానీ ఆవిడ మాట నిజం. ఏప్రిల్, మే నెలల్లో గోదారి సన్నబడి పాయల్లో ఇసుక తేలుతుంది. మా వైపు ఆ ఇసుక మీద తాటి దుంగలు, ఇసుక బస్తాలు వేసి బాట కట్టేస్తారు. మోటారు సైకిళ్ళు, ట్రాక్టర్లు నేరుగా వచ్చేస్తాయి. కొన్ని ఏళ్ళు పడవే ఎక్కకుండా చెప్పులతో నడిచి వెళ్ళాను. అంటే నేను ఏటా వెళ్ళింది చుట్టూ నీళ్ళు లేని లంకకి. జూన్ దాటాక ఎగువ వానలకి ఎర్రనీళ్ళు దిగితే ఆ బాట ఒక్క రాత్రిలో కొట్టుకుపోతుంది. లంక లంకగా మారేది అప్పుడు. మనం అప్పటికి పిల్లల పుస్తకాలకి అట్టలు వేస్తూ ఉంటాం.

2006 ఆగస్టు వరదకి మేం వెళ్ళలేదు. టీవీలో చూసి ఫోన్లు చేశాం, లైన్లు దొరకలేదు, అంతే. మరుసటి వేసవి వెళ్తే ఎవరూ ఏమీ అనలేదు. గోడ మీద నీటి గీత ఉంది, నా మెడ దాకా. మా అత్తగారు ఆ గీతకి పైన క్యాలెండరు తగిలించుకున్నారు. ఊరివాళ్ళు 1986 వరదతో దీన్ని పోల్చి చెప్పుకుంటున్నారు, ఎవరి గేదె ఎక్కడ దొరికింది, ఎవరు చెట్టెక్కి కూర్చున్నారు అని. ఆ కబుర్లలో మాకు చోటు లేదు. వాళ్ళు కావాలని పక్కన పెట్టలేదు, మేం అక్కడ లేము కాబట్టి.

2022 జులైలో ఎగువన భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన కిందికి వదిలారు. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారు, అది తెలిస్తే ఆ అంకె ఎంతో అర్థమవుతుంది. ఈసారి నీళ్ళు తీయగానే వెళ్ళాం. రేవు ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. ఏటిగట్టు మీద టార్పాలిన్ల కింద పశువులు, మంచాలు, మూటలు. మా ఇంట్లో మోకాలి కిందిదాకా ఒండ్రు. అటక మీద పాము, వసారాలో ఎవరిదో అరటి గెల. ఖాళీ సిలిండరు తేలి కిటికీలో ఇరుక్కుంది. పడవ దిగగానే మా బావగారు నా చేతిలో పార పెట్టారు. ఒండ్రు తడిగా ఉన్నప్పుడే తోసేయాలి, ఎండితే ఇటుకలా గట్టిపడి గడ్డపారకి కూడా లేవదు. అయిదు రోజులు తోశాం. మా ఇల్లయ్యాక రేగిచెట్టు వాళ్ళది, తరవాత ఆ పాల క్యాన్ల పెద్దావిడ ఇల్లు. ఆవిడ అప్పటికి లేదు, కోడలుంది.

ఆ అయిదు రోజుల్లో ఒక్కరు కూడా నన్ను "ఎప్పుడొచ్చేరండీ, ఎప్పుడెళ్తారండీ?" అని అడగలేదు. 26 ఏళ్ళుగా రేవులో దిగీ దిగగానే వినే ప్రశ్న అది. ఆ మరుసటి వేసవి వెళ్తే మళ్ళీ మామూలే, ఎప్పుడొచ్చేరండీ, ఎప్పుడెళ్తారండీ. నాకు నవ్వొచ్చింది. చూడటానికి వచ్చినవాళ్ళని చూడటానికి వచ్చినట్టే పలకరిస్తారు, ఇందులో తప్పేముంది?

కాబట్టి మీరు నెలంతా ఉండాలా, పది రోజులా అన్నది పెద్ద విషయం కాదు. నా సలహా మూడు వారాలు, మీరు ఆఫీసు పని అక్కణ్ణుంచే చేసుకోగలిగితే. మా వైపు సిగ్నలు డాబా మీదే వస్తుంది, సాయంత్రం గాలి లేస్తే కరెంటు పోతుంది, మీటింగులు పొద్దున్నే పెట్టుకోండి. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరిచిన రోజే తీసుకోండి, ఏప్రిల్ చివరి వారానికి గోదావరి జిల్లాల రైళ్ళలో చోటుండదు. రోహిణి కార్తె వేడికి పాప తట్టుకోకపోవచ్చు, మే 20 లోపు బయల్దేరిపోండి. ఏడాదిలో మిగతా నెలల్లో ఊళ్ళో ఎవరైనా పోయారని తెలిస్తే, దగ్గరి చుట్టం కాకపోయినా, మీ ఇద్దరిలో ఒకరు పెద్దకర్మకైనా వెళ్ళి రండి. ఇది చాలామంది పట్నం వాళ్ళు చేయరు, అక్కడ మాత్రం లెక్క పెట్టుకుంటారు.

వరదకి వెళ్ళమని నాలుగేళ్ళ పిల్ల తల్లికి నేను చెప్పను. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక, అంటే 10 లక్షల క్యూసెక్కులు, అని వార్తల్లో వినపడిన రోజు మాత్రం ఫోన్ చేయండి, మీ వారు కాదు, మీరు, మీ తోటికోడలికి. నీళ్ళు తీశాక మీరొక్కరే వెళ్ళి నాలుగు రోజులుండి రండి, పాపని బెంగళూరులో ఎవరికైనా అప్పగించి. పాత బట్టలు రెండు జతలు, రబ్బరు చేతి తొడుగులు, బ్లీచింగ్ పొడి పట్టుకెళ్ళండి. చెప్పులు వేసుకోవద్దు, ఒండ్రులో మొదటి అడుగుకే ఊడిపోతాయి.